ఫ్రెంచ్ తీపి వైన్: బన్యూల్స్, రివ్‌సాల్ట్, మస్కట్ పక్కన ఏం వడ్డించాలి

దక్షిణ ఫ్రాన్స్‌లో స్పెయిన్ సరిహద్దును ఆనుకుని ఉన్న రూసియోన్ ప్రాంతపు తీపి వైన్లు బన్యూల్స్, మోరీ, రివ్‌సాల్ట్; ఇవి అక్కడి ఊళ్ల పేర్లే. ద్రాక్షరసం పులుస్తూ ఉండగా, అందులో తీపి ఇంకా మిగిలి ఉన్నప్పుడే, సుమారు 96 శాతం ఆల్కహాల్ ఉన్న స్పిరిట్‌ను రసంలో 5 నుంచి 10 శాతం మేర కలుపుతారు. ఈస్ట్ చచ్చి పులియడం ఆగిపోతుంది. కాబట్టి సీసాలో ఉన్నది ద్రాక్ష తీపే, బయటి చక్కెర కాదు. ఆల్కహాల్ 15 శాతం పైనే ఉంటుంది.

పక్కన ఏం పెట్టాలో తేల్చేది ఊరిపేరు కంటే, ఆ వైన్‌కు గాలి తగిలిందా లేదా అన్నదే. లేబుల్ మీద రిమాజ్ లేదా గ్రెనా అని ఉంటే గాలి తగలకుండా తొందరగా సీసాలో నింపినది: నల్ల చెర్రీ, బ్లాక్‌బెర్రీ రుచి. ఆంబ్రే, ట్యూయిలే అని ఉంటే ఏళ్ల తరబడి గాలి తగలనిచ్చి పెంచినది: వాల్‌నట్, ఎండు అంజీర, కాఫీ, మాడిన పాకం వాసన. కొందరు పెద్ద గాజు బుడ్డీల్లో పోసి ఆరుబయట ఎండకు, చలికి వదిలేస్తారు.

చాక్లెట్ పక్కన మామూలు ఎర్ర వైన్ చేదెక్కి పలచబడుతుంది. అక్కడ బన్యూల్స్ లాంటిది మరొకటి దొరకడం కష్టం. 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ కేక్‌కు, అందులోనూ చెర్రీ, రాస్ప్‌బెర్రీ పడితే, రిమాజ్ పోయండి. వాల్‌నట్, కాఫీ, ఎండు అంజీర కలిసిన చాక్లెట్‌కు ట్యూయిలే. అంజీరతో వండిన బాతు మాంసానికీ రిమాజ్ చక్కగా కుదురుతుంది.

నీలి బూజు చారలుండే రోక్‌ఫోర్ చీజ్‌కు ఆంబ్రే; ఆ చీజ్ ఉప్పదనానికి వైన్ తీపి ఎదురు నిలుస్తుంది. చీజ్‌ను అరగంట ముందే ఫ్రిజ్ నుంచి తీయాలి, చల్లగా ఉంటే ఉప్పే తెలుస్తుంది.

మస్కట్ అనే ఘుమఘుమలాడే ద్రాక్షతో చేసే తీపి వైన్ దారి వేరు. రోన్ లోయలోని బోమ్ ద వెనీజ్ మస్కట్‌ను కర్బూజ, ఆప్రికాట్ టార్ట్, నిమ్మ టార్ట్‌లతో ఇవ్వండి. చాక్లెట్ దగ్గర దాని పూల వాసన అణిగిపోతుంది. లేతగా ఉండగానే తాగాలి, ఏళ్లు గడిస్తే ఆ వాసనే పోతుంది.

ఎక్కువగా దెబ్బతినేది తీపి లెక్క దగ్గర. వంటకం వైన్ కంటే తియ్యగా ఉంటే వైన్ పుల్లగా, ఘాటుగా తోస్తుంది. పాకంలో నానిన గులాబ్ జామూన్ పక్కన ఇవేవీ నిలవవు.

రెండో తప్పు వేడి. మస్కట్ 8 నుంచి 10 డిగ్రీలు, ఆంబ్రే 12 నుంచి 14, రిమాజ్ 14 నుంచి 16 ఉండాలి. గది ఉష్ణోగ్రతలో ఇవ్వమన్న సలహా మన వేసవికి పనికిరాదు. ఆ వేడికి ఆల్కహాల్ ముక్కు మండిస్తుంది. రిమాజ్ లాంటి ఎర్ర వైనైనా ఫ్రిజ్‌లో చల్లబరచి, 20 నిమిషాల ముందు బయట పెట్టండి. మనిషికి 60 నుంచి 75 మిల్లీలీటర్లు చాలు. 750 మిల్లీలీటర్ల సీసా పదిమందికి సరిపోతుంది.

మిగిలినదానికి బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మస్కట్ మూడు నాలుగు రోజుల్లో, రిమాజ్ వారంలో ముగించాలి. ఆంబ్రే, ట్యూయిలేలకు గాలి కొత్త కాదు గనుక కొన్ని వారాలు ఆగుతాయి.