బ్లూస్ హార్మోనికా: లయ తప్పితే, ఊపిరాడకపోతే ఏం చేయాలి?

ఇక్కడి లెక్కలన్నీ 10 రంధ్రాల సి డయటోనిక్ (సి శ్రుతికి కట్టిన మామూలు బ్లూస్ హార్మోనికా) మీద, జి శ్రుతిలో వాయించే 12 బార్ల బ్లూస్‌కి. బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం. డ్రా అంటే గాలి పీల్చడం, బ్లో అంటే ఊదడం. మౌత్ ఆర్గాన్ అని అడిగితే మన దుకాణాల్లో తరచూ చేతిలో పెట్టే రెండు వరసల ట్రెమోలో మీద బ్లూస్ బెండ్లు (స్వరాన్ని కిందికి వంచడం) సరిగా పలకవు. ముందు అది చూసుకోండి.

గిటార్‌తో అతకడం లేదు

గిటార్ జిలో ఉందని జి హార్మోనికా తీసి ఉంటారు. పాట శ్రుతిని షడ్జం అనుకుంటే, దాని శుద్ధ మధ్యమం ఏదో ఆ హార్మోనికా కావాలి. గిటార్ జి అయితే సి, ఏ అయితే డి, ఈ అయితే ఏ. అప్పుడు 2 డ్రా (రెండో రంధ్రంలో పీల్చడం) మీకు షడ్జం.

షఫుల్ పరుగెడుతోంది, లేదా మార్చ్‌లా వినిపిస్తోంది

షఫుల్ అంటే బ్లూస్‌లో ఊగుతూ సాగే నడక. ప్రతి దెబ్బా 'తకిట'. అందులో 'కి' పలకదు, కానీ దాని కాలం ఉంటుంది: త–ట, త–ట. 'త' రెండు పాళ్లు, 'ట' ఒక పాలు. 'త'ని తుంచేస్తే పరుగు, రెండూ సమానం చేస్తే మార్చ్. మెట్రోనోమ్ 70 దగ్గర పెట్టి, పాదంతో దెబ్బ వేస్తూ ముందు నోటితోనే పలకండి. కుదిరాక 1-2-3 రంధ్రాలు కలిపి ఒక దెబ్బ డ్రా, ఒక దెబ్బ బ్లో. పాదం ఆగిందంటే వేగం ఎక్కువైనట్టే, 60కి దించండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే 'ట' ఎక్కడ ముందే పడుతోందో తెలిసిపోతుంది.

నాలుగు బార్లకే ఊపిరాడదు

గాలి చాలకపోవడం కాదు, ఎక్కువైపోవడం. ఇలా సి హార్మోనికా మీద జి వాయించేటప్పుడు డ్రాలే ఎక్కువ, ఊపిరితిత్తులు నిండిపోతాయి. పైగా మొదలెట్టే ముందు గుండెల నిండా పీల్చుకుంటాం! సగం ఖాళీగా మొదలెట్టండి. 2 డ్రా, 3 బ్లో రెండూ జి స్వరమే కాబట్టి, బరువెక్కినప్పుడు 2కి బదులు 3 ఊదితే స్వరం మారకుండా గాలి దిగిపోతుంది.

ఐదో బార్‌లో అపస్వరం, ఆ తర్వాత దారి తప్పడం

గిటార్ కార్డుల (కలిపి మోగే స్వరాల) వరస ఇది: జి 4 బార్లు, సి 2, జి 2, ఆపై డి, సి, జి, డి ఒక్కోటి. ఐదో బార్‌లో సి7 అనే కార్డు వస్తుంది. దానిలో ఉన్నది బి ఫ్లాట్, మీ 3 డ్రా మాత్రం మామూలు బి. అరస్వరం కిందికి బెండ్ చేయండి. బెండ్ ఇంకా రాకపోతే 3ని వదిలేసి 4 బ్లో మీద దిగండి. డి బార్‌కి 1 డ్రా లేదా 4 డ్రా.

దారి తప్పేది ఎక్కువగా ఆపకుండా వాయించేవాళ్లే. రెండు బార్లు వాయించి, రెండు బార్లు ఊరుకుని లెక్కపెట్టండి. గాయకుడుంటే పాటలో ప్రతి పంక్తి తర్వాత మిగిలే ఆ ఖాళీయే మీ చోటు.

2 డ్రా మూగగా ఉంది

రీడ్ (లోపల కంపించే లోహపు రేకు) పాడైందని మూత విప్పకండి. 1-2-3 కలిపి మెల్లగా పీలుస్తూ, గాలి మార్చకుండా పెదవులు 2 మీదికి కుదించండి. పలికితే రీడ్ బాగానే ఉంది, మీ నాలుక వెనకభాగమే పైకి లేస్తోంది. ఆవులించినట్టు దవడ దించండి. ముక్కు మూసి చూడండి: అప్పుడు స్వరం నిండుగా వస్తే, గాలి అటు నుంచి పోతోంది.