జీడిపిక్కల లెక్కతో డేటాబేస్ నేర్చుకోవడం: ఒకే ఫైలు, రెండు దారులు

పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడిపిక్కలు కొనే చోట రెండు రకాల లెక్కలు కనిపిస్తాయి. కాటా పక్కన రాసుకునే చిట్టా పుస్తకం ఒకటి. సాయంత్రం ఆ చిట్టాను చూసి కంప్యూటరులో ఎక్కించే ఎక్సెల్ పట్టిక మరొకటి. అటువంటి పట్టిక ఒకదాన్ని సరిచేయడానికి నేను కూర్చున్నప్పుడు వజ్రపుకొత్తూరు అన్న ఒక్క ఊరి పేరే నాలుగు విధాలుగా రాసి ఉంది. ఒక రైతు ఫోను నంబరు మారితే పాత వరుసల్లో పాతది, కొత్త వరుసల్లో కొత్తది ఉండిపోయింది. ఊరివారీగా ఎన్ని బస్తాలు వచ్చాయో చెప్పమంటే ఆ పట్టిక నాలుగు జవాబులు చెప్పింది. రిలేషనల్ డేటాబేస్ అవసరం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది: ఒక సంగతిని ఒక్క చోటే రాసి, మిగిలిన చోట్ల దాని సంఖ్యను మాత్రమే వాడుకోవడం. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన ఈ ఆలోచన మీదనే నేటికీ బ్యాంకు ఖాతాల నుంచి రైలు టిక్కెట్ల వరకు లెక్కలు నడుస్తున్నాయి.

మొదటిసారి నేర్చుకునేవారికి నా సలహా ఎస్‌క్యూలైట్. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఈ డేటాబేస్‌కు సర్వరు అక్కరలేదు, పాస్‌వర్డు అక్కరలేదు, రుసుము లేదు. మొత్తం సమాచారం ఒకే ఫైలులో ఉంటుంది. ఆ ఫైలును తెరవడానికి రెండు సాధనాలు తెచ్చుకోవాలి. ఒకటి డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అనే కిటికీ సాధనం, రెండోది ఎస్‌క్యూలైట్3 అనే, ఆదేశాలు టైపు చేసి పనిచేయించే కమాండ్ లైన్ సాధనం. ఉబుంటులో ఈ రెండూ ఏపీటీ అనే ఇన్‌స్టాల్ ఆదేశం ద్వారా వచ్చేస్తాయి. విండోస్‌లో మొదటిదాన్ని ఇన్‌స్టాల్ చేసుకుని, రెండోదాన్ని ఎస్‌క్యూలైట్ అధికారిక సైటులోని టూల్స్ జిప్ ఫైలు నుంచి విప్పుకోవాలి. ఈ వ్యాసంలో ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

మొదటి రెండు పట్టికలు కిటికీలో

డీబీ బ్రౌజర్ తెరిచి, న్యూ డేటాబేస్ నొక్కి, జీడి.డీబీ అనే పేరుతో ఫైలును భద్రపరచండి. వెంటనే పట్టిక తయారు చేసే కిటికీ తెరుచుకుంటుంది. మొదటి పట్టిక పేరు ఊళ్లు. అందులో రెండే గడులు: ఊరు_సంఖ్య, పేరు. మొదటిది ఇంటిజర్ (పూర్ణాంకం) రకం, దాని పక్కన ప్రైమరీ కీ గుర్తు పెట్టాలి, అంటే ఒక్కొక్క వరుసను గుర్తుపట్టే సంఖ్య ఇదే. రెండోది టెక్స్ట్ (అక్షరాలు) రకం, దానికి నాట్ నల్ (ఖాళీగా ఉండకూడదు), యూనిక్ (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) గుర్తులు పెట్టాలి. రెండో పట్టిక రైతులు: రైతు_సంఖ్య, పేరు, ఊరు_సంఖ్య, ఫోను. ఫోను నంబరు అంకెలే అయినా టెక్స్ట్‌గానే ఉంచాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ కూడరు, తీసివేయరు. పైగా మొదట సున్నా ఉంటే ఇంటిజర్ గడి దాన్ని మింగేస్తుంది. ఊరు_సంఖ్య వరుసలో కుడి చివరన ఉండే ఫారిన్ కీ గడిలో ఊళ్లు పట్టికను, అందులోని ఊరు_సంఖ్యను ఎంచుకోవాలి, అంటే ఇక్కడి సంఖ్య ఆ పట్టికలో ఉన్నదే అయి ఉండాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మీరు పై భాగంలో ఒక్కొక్క గుర్తు పెడుతుంటే కింది భాగంలో క్రియేట్ టేబుల్ అని మొదలయ్యే వాక్యం ఒకటి మారుతూ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే ఓకే నొక్కేస్తారు, నిజానికి మీరు నేర్చుకోవలసిన పాఠం అదే. కిటికీలో చేసే ప్రతి పనీ లోపల ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషలో ఒక వాక్యంగా మారి డేటాబేస్‌కు చేరుతుంది. ఆ వాక్యాన్ని పైకి చదివి, ప్రతి గుర్తు ఏ మాటగా మారిందో సరిచూసుకున్న తరువాతే ఓకే నొక్కండి. నేను నేర్పినవారిలో ఈ అలవాటు చేసుకున్నవారికి కమాండ్ లైన్ పెద్దగా కష్టమనిపించలేదు.

తరువాత బ్రౌజ్ డేటా పేజీలో కవిటి, కంచిలి, మందస, సోంపేట వంటి ఊళ్లను, కొందరు రైతులను ఎక్కించి, రైట్ ఛేంజెస్ నొక్కాలి. ఆ మీట నొక్కేవరకు మీరు ఎక్కించినదేదీ ఫైలులో స్థిరపడదు. రివర్ట్ ఛేంజెస్ నొక్కితే అంతా వెనక్కి పోతుంది. ఈ సంగతి బాగా గుర్తుంచుకోండి, దీని అవసరం ముందు ముందు పడుతుంది.

మూడో పట్టిక కమాండ్ లైన్‌లో

డీబీ బ్రౌజర్‌ను మూసివేసి, టెర్మినల్ తెరిచి, జీడి.డీబీ ఉన్న ఫోల్డరులోకి వెళ్లి ఇలా రాయండి:

ఎస్‌క్యూలైట్3 జీడి.డీబీ

ఫైలు పేరులో ఒక్క అక్షరం తప్పినా, వేరే ఫోల్డరులో ఉన్నా ఈ సాధనం అభ్యంతరం చెప్పదు. ఆ పేరుతో కొత్త ఖాళీ డేటాబేస్‌ను తెరుస్తుంది. అందుకే లోపలికి రాగానే చుక్క పెట్టి టేబుల్స్ అని రాసి, మీ పట్టికల పేర్లు కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ఏమీ కనిపించకపోతే సమాచారం పోయిందని కంగారు పడనక్కరలేదు, మీరు వేరే ఫైలు తెరిచారని అర్థం. చుక్కతో మొదలయ్యే ఆదేశాలు ఈ సాధనానికి మాత్రమే చెందినవి, వాటి చివర సెమీకోలన్ ఉండదు. ఎస్‌క్యూఎల్ వాక్యాలకు మాత్రం సెమీకోలన్ తప్పనిసరి; అది లేకుండా ఎంటర్ నొక్కితే తెర మీద మూడు చుక్కలు కనిపిస్తాయి, మిగిలిన వాక్యం కోసం ఎదురుచూస్తున్నానని దాని భావం. చుక్క స్కీమా అంటే మీరు కిటికీలో చూసిన క్రియేట్ టేబుల్ వాక్యాలే ఇక్కడా కనిపిస్తాయి. ఇప్పుడు కొనుగోళ్ల పట్టికను చేతితో రాద్దాం:

క్రియేట్ టేబుల్ కొనుగోళ్లు (
కొనుగోలు_సంఖ్య ఇంటిజర్ ప్రైమరీ కీ,
రైతు_సంఖ్య ఇంటిజర్ నాట్ నల్ రెఫరెన్సెస్ రైతులు(రైతు_సంఖ్య),
తేదీ టెక్స్ట్ నాట్ నల్,
కిలోలు రియల్ నాట్ నల్ చెక్ (కిలోలు > 0),
బస్తా_ధర ఇంటిజర్ నాట్ నల్
);

ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేకమైన రకం లేదు. సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో 2025-04-07 అని రాస్తే వరుసక్రమం, పోలిక, రెండూ సరిగ్గా వస్తాయి. మనం మామూలుగా రాసే రోజు, నెల, సంవత్సరం క్రమంలో రాస్తే ఏప్రిల్ 7 కంటే జనవరి 12 తరువాత వస్తుంది.

కిలోల గడిని రియల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా, ఎందుకు ఉంచామో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది రైతు చేతికి వచ్చే డబ్బుకు సంబంధించిన సంగతి. మన దగ్గర పిక్కల ధరను 80 కిలోల బస్తాకు చెబుతారు. ఉదాహరణకు బస్తా 12,000 రూపాయలనుకుందాం, ఒక రైతు 120 కిలోలు తెచ్చాడనుకుందాం. అతనికి రావలసింది 18,000. కిలోలను ఇంటిజర్‌గా ఉంచి, ముందు 80తో భాగించి తరువాత ధరతో గుణించే వాక్యం రాస్తే ఎస్‌క్యూలైట్ 120ని 80తో భాగించి ఒకటిన్నరకు బదులు ఒకటి అంటుంది. రెండు పూర్ణాంకాల భాగహారంలో మిగిలిన భాగాన్ని అది వదిలేస్తుంది. రైతు లెక్క 12,000 దగ్గర ఆగిపోతుంది, ఆరు వేలు మాయమవుతాయి, తెర మీద తప్పు అన్న మాట ఎక్కడా రాదు. సెలెక్ట్ 120 / 80; అని, తరువాత సెలెక్ట్ 120.0 / 80; అని మీరే రాసి తేడా చూడండి.

రెండు దారుల మధ్య తేడాలు

ఇకపై ఒక్కొక్క పనికి ఏది సులువో చూసి సాధనాన్ని ఎంచుకోవచ్చు, అయితే మూడు తేడాలు తెలియకపోతే నష్టం జరుగుతుంది.

మొదటిది, లేని రైతు పేరున కొనుగోలు రాయడం. ఫారిన్ కీ పెట్టినంత మాత్రాన ఎస్‌క్యూలైట్ దాన్ని అమలు చేయదు. కమాండ్ లైన్‌లో ప్రతిసారీ ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్; అని రాస్తేనే తనిఖీ మొదలవుతుంది. అది రాయకుండా 999వ రైతుకు ఒక కొనుగోలు ఎక్కించి చూడండి, చడీచప్పుడు లేకుండా ఎక్కుతుంది. రాసిన తరువాత ప్రయత్నిస్తే ఫారిన్ కీ కన్‌స్ట్రెయింట్ ఫెయిల్డ్ అని ఆపుతుంది. డీబీ బ్రౌజర్‌లో ఇదే అమరిక ఎడిట్ ప్రాగ్మాస్ పేజీలో ఉంటుంది.

రెండోది అన్నిటికంటే ముఖ్యమైనది. కిటికీలో రైట్ ఛేంజెస్ నొక్కేవరకు వెనక్కి వెళ్లే వీలుందని చెప్పాను కదా, కమాండ్ లైన్‌లో ఆ వీలు దానంతట అది రాదు. సెమీకోలన్ పెట్టి ఎంటర్ నొక్కిన క్షణమే మార్పు ఫైలులో స్థిరపడుతుంది. కిటికీకి అలవాటు పడిన ఒకరు ఒక రైతు ఫోను నంబరు మార్చబోయి అప్‌డేట్ వాక్యంలో ఏ వరుసను మార్చాలో చెప్పే వేర్ భాగం మరిచిపోయారు. పట్టికలోని రైతులందరికీ అదే నంబరు వచ్చింది, పాత చిట్టాలు వెతికి ఒక్కొక్కటిగా తిరిగి రాయవలసి వచ్చింది. అందుకని మార్పు ఏదైనా ఇలా చేయండి:

బిగిన్;
అప్‌డేట్ రైతులు సెట్ ఫోను = 'కొత్త నంబరు' వేర్ రైతు_సంఖ్య = 14;
సెలెక్ట్ ఛేంజెస్();

ఛేంజెస్ చెప్పేది మారిన వరుసల సంఖ్య. అది ఒకటి అయితే మార్పును స్థిరపరచడానికి కమిట్; అని రాయండి, వేరే సంఖ్య ఏది వచ్చినా వెనక్కి తీసుకోవడానికి రోల్‌బ్యాక్; అని రాయండి. అక్షరాలతో కూడిన విలువలకు రెండు వైపులా నిటారుగా ఉండే ఒంటి కోట్ గుర్తు వాడాలి. వర్డ్ ఫైలు నుంచి కాపీ చేస్తే వచ్చే వంపు గుర్తులను ఎస్‌క్యూఎల్ ఒప్పుకోదు.

మూడోది, కిటికీలో మార్పులు చేసి రైట్ ఛేంజెస్ నొక్కకుండా వదిలి, అదే ఫైలులో కమాండ్ లైన్ నుంచి రాయబోతే డేటాబేస్ ఈజ్ లాక్డ్ అని వస్తుంది. ఫైలు పాడవలేదు, కిటికీకి వెళ్లి భద్రపరచడమో వెనక్కి తీసుకోవడమో చేస్తే సరిపోతుంది.

తెలుగులో పేర్లు, ఊళ్లు

పట్టికల పేర్లను తెలుగు లిపిలో పెట్టినా ఎస్‌క్యూలైట్ స్వీకరిస్తుంది. అయినా కీబోర్డును మాటిమాటికీ మార్చుకోవడం శ్రమ కనుక పట్టికలు, గడుల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, లోపలి సమాచారాన్ని తెలుగులో ఉంచడమే మేలని నా అభిప్రాయం. పొల్లు హల్లు తరువాత కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక విభజన గుర్తును చేరుస్తాయి. చూడటానికి రెండు పేర్లూ ఒకటే, డేటాబేస్ దృష్టిలో మాత్రం వేర్వేరు. ఊళ్లను విడి పట్టికలో పెట్టి సంఖ్యతో ఎంచుకోవడం వల్ల ఈ బెడద ఒక్క చోటికే పరిమితమవుతుంది.

పాత ఎక్సెల్ పట్టికలను తేవడానికి కిటికీయే అనుకూలం. ఎక్సెల్‌లో సేవ్ యాజ్ ఎంచుకుని, సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకంలోనే భద్రపరచాలి. మామూలు సీఎస్‌వీ అయితే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. డీబీ బ్రౌజర్‌లో ఫైల్, ఇంపోర్ట్ అనే వరుసలో వెళితే ఎక్కించే ముందే నమూనా కనిపిస్తుంది. జాబితాను డీటీపీ కేంద్రంలో పాత అను ఫాంట్లతో టైపు చేయించి ఉంటే ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. విండోస్ పాత కన్సోల్‌లో తెలుగు పెట్టెలుగా, విడివిడి ముక్కలుగా కనిపిస్తే అది తెర లోపం కావచ్చు. అదే వరుసను కిటికీలో తెరిచి చూసి నిర్ధారించుకోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు, అంటే ఊరివారీ బస్తాలకు, జవాబు ఒక్క వాక్యంలో వస్తుంది:

సెలెక్ట్ ఊళ్లు.పేరు, సమ్(కిలోలు) / 80
ఫ్రమ్ కొనుగోళ్లు
జాయిన్ రైతులు ఆన్ రైతులు.రైతు_సంఖ్య = కొనుగోళ్లు.రైతు_సంఖ్య
జాయిన్ ఊళ్లు ఆన్ ఊళ్లు.ఊరు_సంఖ్య = రైతులు.ఊరు_సంఖ్య
గ్రూప్ బై ఊళ్లు.ఊరు_సంఖ్య;

దీన్ని డీబీ బ్రౌజర్‌లోని ఎగ్జిక్యూట్ ఎస్‌క్యూఎల్ పేజీలో అతికించినా, కమాండ్ లైన్‌లో రాసినా ఫలితం ఒకటే. ఈ ఏడాది ఏమీ అమ్మని ఊళ్లు కూడా కనిపించాలంటే ఊళ్లతో మొదలుపెట్టి, రెండు చోట్లా జత దొరకని వరుసలనూ వదలని లెఫ్ట్ జాయిన్ వాడాలి.

నాలుగైదు కంప్యూటర్ల నుంచి ఒకేసారి రాయవలసి వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ వంటి సర్వరు డేటాబేస్‌కు మారాలి. అక్కడా ఇవే రెండు దారులు: మొదటిదానికి పీజీఅడ్మిన్, పీఎస్‌క్యూఎల్, రెండోదానికి వర్క్‌బెంచ్, మైఎస్‌క్యూఎల్ కమాండ్. పైన చెప్పిన భాగహారం పోస్ట్‌గ్రెస్‌లో ఎస్‌క్యూలైట్ లాగే ఒకటి అంటుంది, మైఎస్‌క్యూఎల్ ఒకటిన్నర అంటుంది. మారిన రోజున డబ్బు లెక్కలన్నీ మళ్లీ సరిచూడండి.

రోజూ కొట్టు కట్టేసే ముందు కమాండ్ లైన్‌లో చుక్క బ్యాకప్ అని, దాని పక్కన ఆనాటి తేదీతో కొత్త ఫైలు పేరు రాయండి. ఆ ఫైలును పెన్‌డ్రైవులోకి ఎక్కించి, వేరే కంప్యూటరులో డీబీ బ్రౌజర్‌తో తెరిచి, కొనుగోళ్ల పట్టికలో సెలెక్ట్ కౌంట్(*) చెప్పే వరుసల సంఖ్య అసలు ఫైలులోని సంఖ్యతో సరిపోయిందో లేదో చూడండి.