అనువాదంలో పీహెచ్‌డీ: సీటు, ఫెలోషిప్ ఎలా తెచ్చుకోవాలి?

ఏటా అడ్మిషన్ల కాలంలో పది పన్నెండు రీసెర్చ్ ప్రపోజల్స్ నా దగ్గరికి వస్తాయి, "ఒకసారి చూసిపెట్టండి మేడమ్" అంటూ. సగానికి పైగా శీర్షిక ఒక్కటే: "తెలుగులో అనువాద సాహిత్యం – సమగ్ర పరిశీలన". బాగా చదువుకున్న పిల్లలు కూడా ఆ శీర్షికతో ఇంటర్వ్యూకి వెళ్లి మొదటి ప్రశ్నకే తడబడి తిరిగొస్తుంటే నాకు బాధగా ఉంటుంది. అందుకే చివరి తేదీకి రెండు నెలల ముందే ఇది చదవండి.

కాగితాలు

పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. మెమోలు, పట్టా, టీసీ అందరికీ తెలిసినవే. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డి లాంటి ధ్రువపత్రం కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చెల్లదు. కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని రాసి ఉన్న ఓబీసీ పత్రం కావాలి. తహసీల్దార్ ఆఫీసు పని కాబట్టి ముందు దాన్నే మొదలుపెట్టండి.

నెట్ పరీక్ష

నెట్ అంటే పీహెచ్‌డీ ప్రవేశానికీ, ఫెలోషిప్‌కీ రాసే జాతీయ అర్హత పరీక్ష. జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఉంటుంది. మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. తెలియని ప్రశ్న వదిలేసి రావద్దు. అనువాదానికి విడిగా సబ్జెక్టు లేదు. తెలుగు (కోడ్ 27), భాషాశాస్త్రం (కోడ్ 31) లాంటివాటిలో మీ పీజీకి తగ్గది ఎంచుకోవాలి. మీరు చేరాలనుకుంటున్న శాఖ ఏ సబ్జెక్టును ఒప్పుకుంటుందో నోటిఫికేషన్‌లో చూశాకే ఫీజు కట్టండి.

జేఆర్‌ఎఫ్‌కి (నెట్‌లో పైమార్కులు వచ్చినవారికి నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వయసు 30 దాటకూడదు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2024 నుంచి జేఆర్‌ఎఫ్ రానివాళ్లకూ నెట్ మార్కులతో పీహెచ్‌డీ ప్రవేశం ఉంది. అందులో నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఒక్క ఏడాదే పనికొస్తుంది.

ఎక్కడ?

హైదరాబాదులోనే మూడు చోట్ల అనువాద అధ్యయనాల శాఖలున్నాయి: సెంట్రల్ యూనివర్సిటీలో కాల్ట్స్ (అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయనాల కేంద్రం), తార్నాక దగ్గర ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉర్దూ వస్తే మనూ (మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం). ఒక్కచోటే అప్లై చేసి కూర్చోవద్దు.

ప్రపోజల్: ఇక్కడే జాగ్రత్త

చాలామంది ముందు సిద్ధాంతం పట్టుకుంటారు. నాలుగు పాశ్చాత్య పేర్లు, రెండు నిర్వచనాలు, ఆ తర్వాత వాటికి సరిపడే పుస్తకం కోసం వెతుకులాట. ఈ పద్ధతి తప్పు. పిల్ల పుట్టకముందే కుల్ల కుట్టినట్టు ఉంటుంది.

ముందు మూలాన్ని, అనువాదాన్ని పక్కపక్కన పెట్టుకోండి. తెల్లకాగితం మీద నిలువుగా మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో మూలవాక్యం, రెండో గడిలో తెలుగు వాక్యం, మూడో గడిలో ఏం మారిందో మీ మాటల్లో. ఇలా ఇరవై పేజీలు, చేత్తోనే రాయాలి. కంప్యూటర్‌లో చేస్తే కళ్లు జారిపోతాయి, చేత్తో రాస్తే ప్రతి మాట దగ్గరా చెయ్యి ఆగుతుంది. ఇరవై పేజీలయ్యేసరికి మూడో గడిలో ఏదో ఒకటి పదేపదే కనిపిస్తుంది. అదే మీ అంశం.

ఒక ఉదాహరణ చెప్తాను. బెంగాలీ రచయిత శరత్ నవలల్ని చక్రపాణి లాంటివాళ్లు తెలుగు చేస్తే, శరత్ మన రచయితే అన్నంతగా జనం చదువుకున్నారు. ఇప్పుడు వరసల సంగతి చూడండి. బెంగాలీలో మేనత్త కొడుకు "పిస్తుతో దాదా", అంటే అన్న వరస. పెళ్లి మాటే రాదు. తెలుగులో మేనత్త కొడుకు బావ. అనువాదకుడు "బావ" అని రాస్తే, మూలంలో లేని పెళ్లి సంబంధం పాఠకుడి మనసులో మొలకెత్తుతుంది. "అన్నయ్య" అని రాస్తే, మేనత్త కొడుకు అన్నయ్య ఎలా అయ్యాడని పాఠకుడు ఆగిపోతాడు. ఇలాంటి చోట్ల అనువాదకులు ఏ దారి పట్టారు, దానివల్ల పాత్రల మధ్య సంబంధం ఎలా మారింది? ఇది ప్రశ్న. "శరత్ అనువాదాలు – ఒక పరిశీలన" అన్నది ప్రశ్న కాదు, అల్మారా మీద అంటించే చీటీ.

ఇంకో మాట, ఇందులో రాజీ లేదు. మూలభాష చదవలేకపోతే ఆ అంశం ముట్టుకోవద్దు. బెంగాలీ రాకుండా పై ప్రశ్న ఎత్తుకుంటే ఇంటర్వ్యూలో "మూలం చదివారా?" అన్న ఒక్క మాటతో అయిపోతుంది. ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ, కన్నడం, ఏది నిజంగా చదవగలరో దానిలోంచే అంశం తీసుకోండి. సరిహద్దు జిల్లాల పిల్లలు ఇంట్లో మాట్లాడే కన్నడాన్నో ఒరియానో లెక్కలోకి తీసుకోరు. వాళ్ల చేతిలో ఉన్న ఆస్తి అదే.

రాసేటప్పుడు ప్రశ్న మొదటి పేరాలోనే రావాలి. ఎన్ని పుస్తకాలు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, అవి ఏ గ్రంథాలయంలో దొరుకుతాయో అంకెలతో, పేర్లతో రాయాలి. పుస్తకం కంటితో చూడకుండా జాబితాలో ఎక్కించవద్దు. మీరు మూడు గళ్లలో రాసుకున్నదాంట్లోంచి రెండు ఉదాహరణలు తప్పకుండా పెట్టండి. సిద్ధాంతం చివర్లో, ఆ ఉదాహరణలకు అవసరమైనంతే. మొత్తం ఐదు పేజీలు దాటకూడదు.

గైడు

మీ అంశానికి దగ్గరగా పనిచేసినవారిని చూసుకోండి. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లే ఉండాలి. రిటైర్మెంటుకు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. అందుకే ఖాళీ ఉందో లేదో ముందే కనుక్కోండి.

డబ్బు

జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయ్యాక 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె అదనం. పుస్తకాలకు, ప్రయాణాలకు కంటింజెన్సీ మొదట్లో ఏడాదికి 10,000, తర్వాత 20,500. జేఆర్‌ఎఫ్ లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరితే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఎస్టీ విద్యార్థులకు గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది, దానికి విడిగా అప్లై చేయాలి.

ఫెలోషిప్ చేరిన నెలలోనే రాదు. నాకు మొదటి మొత్తం చేతికొచ్చేసరికి ఏడు నెలలైంది. అప్పటిదాకా ట్యూషన్లు చెప్పి మెస్ బిల్లు కట్టాను. ఆరు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరండి. ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతా చేరకముందే సిద్ధం చేసుకోండి. నెలనెలా మీ హాజరు ధ్రువీకరణ ఆఫీసు నుంచి వెళ్లిందో లేదో మీరే వెళ్లి అడగండి.