పెద్ద డీఎన్ఏ ముక్కలు విడిపోవాలంటే పాలిమర్ పల్చగా కలపండి

డీఎన్ఏ ముక్కల్ని కరెంటుతో నడిపించి పొడవుని బట్టి విడదీసే మామూలు అగరోజ్ జెల్‌లో 20 కిలోబేస్‌లు (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాల పొడవు) దాటిన ముక్కలు దాదాపు ఒకేచోట గుంపుగా ఆగిపోతాయి. 1984లో ష్వార్ట్జ్, కాంటర్ చూపించిన, కరెంటు దిశ మారుస్తూ నడిపే పల్స్‌డ్ ఫీల్డ్ జెల్‌లో విడిపోతాయి గానీ గంటలకొద్దీ నడవాలి, తిరుపతి ఎండాకాలంలో మధ్యలో కరెంటు పోయిందా, గోవిందా. మీ డిపార్ట్‌మెంట్‌లో కేపిలరీ మిషన్ (వెంట్రుకంత సన్నటి గొట్టంలో డీఎన్ఏని కరెంటుతో నడిపేది) ఉంటే పాలిమర్ ద్రావణం పెట్టి చూడండి.

చాలామంది జెల్‌లాగా చిక్కగా కలిపేస్తారు. వద్దు. చిక్కటి దాంట్లో పొడవాటి అణువులు సాగిపోయి అన్నీ ఒకే వేగంతో పరిగెడతాయి. పాలిమర్ కలపని ఉత్త బఫర్ ద్రావణంలోనూ అంతే, పొడవుతోపాటు చార్జీ, రాపిడి రెండూ సమానంగా పెరుగుతాయి మరి. పల్చటి ద్రావణంలో మాత్రం పాలిమర్ గొలుసులు దారిలో తగులుకుంటే డీఎన్ఏ వాటిని కాసేపు ఈడ్చుకుంటూ పోవాలి, పొడవున్నదానికి ఎక్కువ తగులుకుంటాయి కాబట్టి అది వెనకబడుతుంది. 1990లలో ఆనెలీస్ బారన్ బృందం, గొలుసులు ఒకదానికొకటి తగలనంత పల్చటి హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ అనే పాలిమర్ ద్రావణంలో 2 నుంచి 23 కిలోబేస్‌ల ముక్కల్ని ఇలాగే విడదీసింది.

టీబీఈ (ట్రిస్, బోరేట్, ఈడీటీఏ) బఫర్‌ని స్టిరర్ మీద తిప్పుతూ ఆ పాలిమర్ పొడిని కొంచెం కొంచెంగా చల్లండి, ఒక్కసారి గుమ్మరిస్తే సంగటిలో పిండి ఉండల్లా లోపల పొడిగానే మిగిలిపోతుంది. రాత్రంతా నెమ్మదిగా తిరగనిచ్చి, వడకట్టి, గాలిబుడగలు తీసేయండి. 0.1 శాతంతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రండి, పాలిమర్ అణుభారాన్ని బట్టి సరైన గాఢత మారుతుంది.

డీఎన్ఏని వోర్టెక్స్ మిషన్ మీద గట్టిగా కుదపొద్దు, సన్నటి పిపెట్ టిప్‌తో లాగొద్దు, పొడవాటివి తెగిపోతాయి. లామ్డా హిండ్ త్రీ మార్కర్ (లామ్డా వైరస్ డీఎన్ఏని హిండ్ త్రీ ఎంజైమ్‌తో కోసిన, పొడవులు తెలిసిన ముక్కలు) వాడితే ముందు 65 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచి వెంటనే ఐస్‌లో పెట్టండి, లేదంటే 23, 4.4 కిలోబేస్‌ల ముక్కలు కొనలతో అతుక్కునే ఉంటాయి.

లోపలిగోడకి కోటింగ్ ఉన్న కేపిలరీలో చిన్న ముక్క ముందొస్తుంది. కోటింగ్ లేకపోతే ద్రవమే డీఎన్ఏని ఎదురుదిక్కుకి, అంటే కేథోడ్ (నెగెటివ్ కొన) వైపు తోసుకుపోతుంది కాబట్టి పెద్దదే ముందు దిగుతుంది. పీకులకి (గ్రాఫులో ఒక్కో ముక్క దగ్గర లేచే శిఖరాలకి) పేర్లు పెట్టేముందు ఇది చూసుకోండి. టెంపరేచర్ 25 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంచండి, డిగ్రీ పెరిగితే వేగం సుమారు 2 శాతం పెరుగుతుంది, మే నెలలో మన గది సంగతి తెలిసిందే కదా.

పీకులు నున్నగా కాకుండా ముళ్ళలా, రన్ రన్‌కీ వేరేచోట వస్తుంటే డీఎన్ఏ ముద్దకడుతోందన్నమాట. టెన్షన్ వద్దు, వోల్టేజీ తగ్గించి మళ్ళీ నడపండి.