స్టేజీ మీద పాటల పుస్తకం కనిపించడం లేదా? స్టాండు, లైటు: సమస్య - పరిష్కారం

నల్లగొండ, పాలమూరు వైపు గణపతి నవరాత్రుల్లోనైనా, పెళ్లి ఆర్కెస్ట్రాలోనైనా, చర్చి క్వైర్‌లోనైనా ఒక లోటు కనిపిస్తుంది. స్టేజీ అంతా వెలుగే, వాయించేవారి పుస్తకం మీద మాత్రం చీకటి. డెకరేషన్ వాళ్లు ముఖాలకు, వెనక తెరకు లైట్లు పెడతారు. పుస్తకానికి ఒకటి కావాలని మనమే అడగాలి, లేదా మనమే తెచ్చుకోవాలి. అందుకే స్టాండు కొనేముందు లైటు సంగతి తేల్చుకోండి.

రంగు లైట్లు వేయగానే రాసుకున్న గుర్తులు మాయమైపోతున్నాయి

శ్రుతి మార్పు, "పల్లవి రెండుసార్లు" లాంటి గుర్తులను చాలామంది ఎర్ర పెన్నుతో రాస్తారు. ఇంట్లో అవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. స్టేజీ మీద ఎర్ర పార్ లైటు (స్టేజీకి రంగులు వేసే పెద్ద లైటు) పడితే తెల్ల కాగితమూ ఎర్రగానే ఉంటుంది, సిరా కూడా ఎర్రగానే ఉంటుంది. ఇక కంటికి తేడా ఎక్కడ తెలుస్తుంది? నీలి లైటు కింద నీలి బాల్‌పెన్ రాత కూడా ఇలాగే వెలవెలబోతుంది.

పాటలు, గుర్తులు అన్నీ నల్ల సిరాతో, కాస్త లావుగా రాయండి. ముఖ్యమైన చోట రంగు మార్చకుండా గీత గీయండి, లేదా చుట్టూ గడి కట్టండి. పుస్తకానికి విడిగా తెల్ల లైటు ఉంటే రంగుల గొడవ చాలావరకు తప్పుతుంది.

లైటు ఉంది, అయినా సగం పేజీ చీకటి

ఒకే చిన్న బల్బు ఉన్న క్లిప్ లైటుతో ఇదే ఇబ్బంది. అలాంటి లైటుకు దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పై వరుస తళతళలాడుతుంటే కింది చరణం కనబడదు. రెండు పేజీల వెడల్పునా వెలుగు పరిచే, పొడుగాటి పట్టీ లాంటి ఎల్ఈడీ లైటు తీసుకోండి. కొనేటప్పుడు మీ పుస్తకాన్నే దాని కింద తెరిచి, నాలుగు మూలలూ చదివి చూడండి.

ప్లాస్టిక్ కవర్లో పెట్టిన పేజీ మెరుస్తుంటే లైటును ఇంకా పెంచకండి, మెరుపూ పెరుగుతుంది. కవర్ తీసేయండి, లేదా లైటును పక్కకు జరిపి స్టాండు పలక వంపు మార్చండి. లైటు తల కిందికే చూడాలి. పక్కన తబలా వాయించే అన్న కళ్లలో పడితే ఆయన కచేరీ అంతా ఇబ్బంది పడతారు.

పవర్ బ్యాంకు నిండా చార్జింగ్ ఉన్నా లైటు ఆరిపోతోంది

పాట మధ్యలో ఇలా జరిగితే ఎంత టెన్షనో! చిన్న లైటు తీసుకునే కరెంటు చాలా తక్కువ. ఏమీ పెట్టలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి. సన్నటి కరెంటుకూ ఆగకుండా పనిచేసే పద్ధతి ఉన్న పవర్ బ్యాంకు దొరుకుతుంది. లేదంటే లోపలే బ్యాటరీ ఉన్న లైటు మేలు. ఏదైనా సరే, ఒకరోజు ముందు ఇంట్లో కచేరీ ఎంతసేపో అంతసేపు వెలిగించి చూడండి.

పేజీ నిండా పురుగులు

వానలు పడ్డాక, కురుమూర్తి జాతర జరిగే దీపావళి రోజుల్లోనూ ఈ బాధ ఉంటుంది. నీలిఛాయ తెల్ల లైటు పురుగులను ఎక్కువ లాగుతుంది. 3000 కెల్విన్ (లైటు ఛాయను చెప్పే కొలత) లేదా అంతకంటే తక్కువ ఉన్న పసుపుఛాయ లైటుకు కాస్త తగ్గుతాయి, పూర్తిగా పోవు.

గాలికి స్టాండు పడిపోతోంది

చెర్వుగట్టు లాంటి ఎత్తు ప్రదేశాల్లో, ఊరి బయట టెంట్లలో గాలికి అడ్డూ ఆపూ ఉండదు. సన్నటి మడత స్టాండుకు పైన క్లిప్ లైటు తగిలిస్తే తల బరువెక్కి ఇంకా తొందరగా పడుతుంది. మూడు కాళ్ల స్టాండు రెండు కాళ్ల మధ్య దిక్కులోనే సులభంగా ఒరుగుతుంది. గాలి ఎటు తోస్తోందో అటువైపు ఒక కాలు ఉండేలా తిప్పండి. కాళ్లు పూర్తిగా విప్పి, మధ్య కడ్డీకి అడుగున చిన్న ఇసుక సంచి కట్టండి. పేజీలకు బట్టల క్లిప్పులు చాలు. బయట కార్యక్రమాలు ఎక్కువైతే రంధ్రాలున్న పలక, బరువైన అడుగు ఉన్న స్టాండు తీసుకోండి, మోత కష్టమైనా సరే.

స్టాండు కిందికి జారుతుంటే మర సరిగ్గా బిగిసిందో లేదో చూడండి. అరిగితే మర మార్పించండి.

కింద కూర్చుంటే స్టాండు ముఖానికి అడ్డం వస్తోంది

భజన మండళ్లలో ఇదే అసలు సమస్య. చాలా స్టాండ్లు కుర్చీలో కూర్చునేవారికి, నిలబడేవారికి చేసినవి. పూర్తిగా దించినా చాప మీద కూర్చున్నవారికి ఎత్తే. మైకుకూ అడ్డమే. మన వ్యాసపీఠాన్ని హార్మోనియం పక్కన చిన్న పీట మీద పెట్టుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. పుస్తకం పై అంచు గడ్డం కంటే కిందే ఉండాలి.

లైటు పెట్టగానే స్పీకర్‌లో గుర్రుమని శబ్దం

నాసిరకం అడాప్టర్ వల్ల కావచ్చు. దాన్ని తీసి లైటును బ్యాటరీ మీద వెలిగించి చూడండి. శబ్దం ఆగితే దొంగ దొరికినట్టే. ఆగకపోతే మైకు వైర్, కరెంటు వైర్ పక్కపక్కనే పోతున్నాయేమో చూసి విడదీయండి. దాటక తప్పని చోట అడ్డంగా, ఒక్కసారే దాటించండి.