చనిపోయాక వీలునామా రాసిన గడియారాల మేస్త్రి

వేలంలో కొన్న పాత గోడగడియారం ఒకటి మా ఇంట్లో ఉంది. ఒకే ముల్లు. వెనక, గోడకు తగిలించే ఇనప రింగు. ఇత్తడి డయల్ మీద గుండ్రని గీతలు, వాటి మధ్య వంకర గీతలు, చేసినాయన పేరు, ఉత్తర ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని ఓ పల్లె పేరు. ఆయన కుటుంబం సంగతేంటో చూద్దామని కూర్చున్నాను.

1631లో చార్టర్ పొందిన లండన్ గడియారాల సంఘం రికార్డుల్లో లేడు. పల్లెటూరి మేస్త్రీలు చాలామంది అందులో చేరనేలేదు. చర్చి బాప్తిస్మ రిజిస్టర్లోనూ లేడు. రెండు నెలలు వృథా. అప్పుడు తట్టింది: ఆ వంకర గీతల నగిషీ అక్కడి క్వేకర్ (ఓ క్రైస్తవ శాఖ) మేస్త్రీల పనితనం. క్వేకర్లు పిల్లలకు బాప్తిస్మం ఇప్పించరు. జననాలు, మరణాలు వాళ్ళ సొంత రిజిస్టర్లలో ఉంటాయి. ఇప్పుడవి బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 6 అనే రికార్డుల వరుస కింద దొరుకుతాయి.

మనిషి దొరికాడు, కొత్త తలనొప్పీ దొరికింది. ఖననం 11వ నెల 12న. వీలునామా మీద సంతకం అదే ఏడాది నవంబర్ 20న! సమాధిలోంచి లేచొచ్చి పెట్టాడా?

తప్పు నాదే, 11వ నెలంటే నవంబర్ అనుకున్నాను. 1752కి ముందు ఇంగ్లండ్‌లో చట్టప్రకారం ఏడాది మార్చి 25న మొదలయ్యేది. అన్యదేవతల పేర్లున్న నెలలు పలకడం ఇష్టంలేక క్వేకర్లు అంకెలు వాడేవాళ్ళు. మొదటి నెల మార్చి, అంటే 11వ నెల జనవరి. సంతకం పెట్టాక ఏడు వారాలకు పోయాడన్నమాట. ఉగాదితో ఏడాది మొదలుపెట్టే ఇంట్లో పుట్టి కూడా నాకిది వెంటనే తట్టలేదు.

ఇప్పుడు ప్రతి తేదీనీ రిజిస్టర్లో ఉన్నది ఉన్నట్టు రాసుకుని, సవరించింది పక్కన పెడుతున్నాను. జనవరి అయితే 1715/16 అని రెండేళ్ళూ వేస్తాను: పాత లెక్కలో 1715, ఇప్పటి లెక్కలో 1716.