మీ ఊరి ప్రాథమిక పాఠశాల చరిత్రను రాయడం ఎలా?

ఊరి బడి చరిత్ర రాయాలనుకునేవారు సాధారణంగా గోడకున్న శిలాఫలకంతో మొదలుపెడతారు. ఆ ఫలకం చెప్పేది గది కట్టిన సంవత్సరమూ, ప్రారంభించిన నాయకుడి పేరూ మాత్రమే. అంతకు ఎన్నో ఏళ్ల ముందే బడి ఏ గుడి మండపంలోనో, చావడిలోనో, ఎవరి ఇంటి అరుగు మీదో నడిచి ఉండవచ్చు. అందువల్ల ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని ముందుగా పాత అడ్మిషన్ రిజిస్టరును చూడాలి.

దొరికిన వాటిలో అతి పాత రిజిస్టరు ఒకటో నంబరుతో మొదలైతే, ఆ మొదటి తేదీ బడి పుట్టిన రోజుకు దగ్గరగా ఉండే అవకాశం ఉంది. నాలుగైదు వందల సంఖ్యతో మొదలైతే అంతకు ముందటి పుస్తకం పోయిందని భావించాలి. మొదటి పేజీలోనే రెండు, మూడు తరగతుల పిల్లలు కనిపిస్తే వారు అంతకుముందు ఎక్కడ చదివారో విచారించాలి, ఎందుకంటే వీధిబడి ఆనవాలు అక్కడే దొరకవచ్చు. తండ్రి వృత్తి, బడి విడిచిన కారణం అనే గడులను తొందరపడకుండా చదవండి; ఊరి బతుకుతెరువు, ఆడపిల్లల చదువు ఏ తరగతిలో ఆగిందనే విషయం అక్కడ తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. పుట్టిన తేదీలను మాత్రం నమ్మవద్దు. అవి వరుసగా జూన్, జూలై నెలల్లోనే ఉంటే, చాలావరకు పంతులుగారు అంచనాతో వేసినవే.

బడి పేరు కూడా ఒక ఆధారమే. కోస్తా, రాయలసీమ జిల్లాల పాత కాగితాల్లో జిల్లా బోర్డు పేరు ఉంటే అది మద్రాసు ప్రభుత్వ కాలపు వ్యవస్థను, సమితి పేరు ఉంటే 1959 తరువాతి పంచాయతీరాజ్ కాలాన్ని సూచిస్తుంది. మండల పరిషత్ అన్న పేరు 1985లో మండలాలు ఏర్పడిన తరువాతిది. తెలంగాణలో నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి. తహతానియా అంటే ప్రాథమిక పాఠశాల. ఆ కాగితాల్లో వాడిన ఫసలీ (నిజాం ప్రభుత్వ రెవెన్యూ లెక్కల) సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశక సంవత్సరం వస్తుంది: 1348 ఫసలీ 1938 అక్టోబరులో మొదలై మరుసటి అక్టోబరు దాకా సాగింది.

పెద్దలను "ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు. బడిలో చేరింది 1948 పోలీసు చర్యకు (హైదరాబాదు భారత్‌లో కలిసినప్పటి సైనిక చర్యకు) ముందా, తరువాతా, 1977 దివిసీమ ఉప్పెన నాటికి ఏ తరగతి అని అడగండి. వారి మాటను రిజిస్టరుతో సరిచూసి, రెండూ కలవనప్పుడు రెండింటినీ రాయండి.

పిల్లల కులం, కుటుంబ వివరాలను పేర్లతో సహా అచ్చు వేయకూడదు. పూర్తయిన ప్రతిని బడిలో ఒకటి, శాఖా గ్రంథాలయంలో మరొకటి ఉంచి, శిథిలమవుతున్న రిజిస్టరు పేజీల ఫొటోలను కూడా ప్రధానోపాధ్యాయులకు అప్పగించండి.